బుధవారం పేజీ

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో రాజారావు ఏ పనీ టైముకి చేసిన పాపాన పోలేదు. పెళ్లి పీటల మీదకి ఆలస్యం, కూతురి బారసాలకి ఆలస్యం, గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి ఇరవై నిమిషాలు ఆలస్యం. అలాంటి మనిషి స్ట్రోకు మాత్రం టైము చూసుకుని మరీ తెచ్చుకున్నాడు. ఏడాదిగా వేలాడుతున్న ప్రాజెక్టు ఒడ్డున పడి, మేనేజరు అందరికీ పిజ్జా తెప్పించి, తన వంతు రెండు ముక్కలూ తినేశాక, శుక్రవారం సాయంత్రం అయిదుంబావుకి, ఎవరి పనీ ఆగకుండా కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు.

"గ్యారేజీలో బల్బు మార్చమని మార్చి నెల నుంచి మొత్తుకుంటున్నాను. అది మార్చాక పడిపోయినా బాగుండేది," అంది లీలావతి ఆస్పత్రి వరండాలో. పక్కన కూర్చున్న శశికళకి నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది. శశికళ వాళ్లది నాలుగు వీధుల అవతల ఇల్లు. ఈ అమెరికా ఊరు బెంటన్‌విల్‌లో లీలావతికి అయినవాళ్లూ కానివాళ్లూ అందరూ ఆవిడే.

అది రెండువేల పదకొండు అక్టోబరు. స్ట్రోకు రాజారావు కుడిచేతి బలం సగం పట్టుకుపోయింది. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండకుండా చేసింది. అన్నిటికన్నా దారుణం, వస్తువుల పేర్లన్నీ ఊడ్చేసి వాటి బదులు ఒకే ఒక్క మాట వదిలిపోయింది. ఫైలు. ఉప్పు కావాలన్నా ఫైలే, దుప్పటి కావాలన్నా ఫైలే. శాంటా క్లారాలో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఆద్య ఫోన్ చేస్తే, "ఫైలొచ్చింది" అని మొహం చాటంత చేసుకునేవాడు. మరుక్షణం ఆ మొహం వాడిపోయేది. అది ఫైలు కాదని ఆయనకి తెలుసు. తెలియకపోయినా బాగుండేదని లీలావతికి ఒక్కోసారి అనిపించేది.

డిసెంబరులో క్లినిక్కులో థెరపీ మొదలైంది. మంగళవారం, గురువారం, గంట చొప్పున. థెరపిస్టు పేరు డార్లీన్, అరవై దగ్గర పడ్డ మనిషి. మొదటి రోజే ఆయన పేరులో రావుని కత్తిరించి పక్కన పెట్టి, "హలో రాజా!" అంది. తాళి కట్టించుకున్న తను ఇన్నేళ్లూ 'ఏమండీ'తో సరిపెట్టుకుంటే, ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి రాజా అనడం లీలావతి గమనించింది. రాజాగారు కూడా గమనించినట్టే ఉన్నాడు. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"లీలా, మన లక్ష్యం ఒక్కటే," అంది డార్లీన్. "ఒక రోజంతా ఈయన ఇంట్లో ఒంటరిగా క్షేమంగా ఉండగలగాలి. టైముకి మాత్రలు వేసుకోవాలి, ఏదో ఒకటి చేసుకుని తినాలి, అవసరమొస్తే ఫోన్ చేయాలి. ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేదు. నీకేమైనా అయితే ఒక్క రోజు. అంతే."

"నాకేం అవుతుందండీ, గుండ్రాయిలా ఉన్నాను," అంది లీలావతి తనకొచ్చిన మర్యాద ఇంగ్లీషులో.

"గుండ్రాళ్లక్కూడా జ్వరాలొస్తాయి," అంది డార్లీన్.

దానికి సాధనం ఒక నీలం పుస్తకం. రోజుకి ఒక పేజీ. ఎడమ వైపు ఆ రోజు చేయాల్సినవి, కుడి వైపు చేసినవి. పని చేసిన వెంటనే ఆయన తన చేత్తో, అంటే ఆ వంకర టింకర ఎడమచేత్తో, ఇంగ్లీషులో రాసి టిక్కు పెట్టాలి. గుర్తులేనప్పుడు పుస్తకం తెరిచి చూసుకోవాలి. "మీ తలకాయని నమ్మకండి రాజా, ప్రస్తుతం అది మనకి అబద్ధాలు చెప్తోంది. పుస్తకాన్ని నమ్మండి," అని డార్లీన్ వెళ్లిన ప్రతిసారీ చెప్పేది. చిలక్కి చెప్పినట్టు చెప్పి, ఆయన చేత చెప్పించేది. "బుక్... ట్రస్ట్," అనేవాడు. ఆ రెండూ మాత్రం ఫైలు కాకుండా బయటికొచ్చేవి. వారానికోసారి, గురువారం, ఆ పేజీలు విప్పి ఆవిడ తన దగ్గర పెట్టుకునేది.

పుస్తకంతో పాటు ఇంటిపని. అందులో మొదటిది టీ. పొయ్యి పక్క గోడ మీద అంటించమని ఆరు కార్డులు ఇచ్చింది డార్లీన్. నీళ్లు, స్టవ్, టీ పొడి, పాలు, పంచదార, స్టవ్ ఆఫ్. "నువ్వు పక్కనే ఉండు, చెయ్యి మాత్రం పెట్టకు," అంది.

చెయ్యి పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో కాలేజీలో చెప్పరు. లీలావతి మచిలీపట్నంలో బీయే చదివింది. ఆ ఊళ్లోనే వాళ్లమ్మ దగ్గర మరో చదువు చదివింది. ఇంటాయన నోరు తెరిచి మంచినీళ్లు అడిగాడంటే ఆ ఇల్లాలు ఏదో తప్పు చేసినట్టే. అడక్కముందే గ్లాసు చేతికందాలి. ఆ చదువులో ఆవిడ యూనివర్సిటీ ఫస్టు.

మొదటి రోజు టీకి నలభై నిమిషాలు పట్టింది. టీ పొడి వేశాడు. కార్డు చూశాడు. వేశానో లేదో అనుకుని మళ్లీ వేశాడు. ఇలా నాలుగుసార్లు. లీలావతి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పళ్లు బిగపట్టి చూసింది. ఆ టీ తాగి ఆ రాత్రంతా ఇద్దరూ గుడ్లగూబల్లా మేలుకున్నారు. రెండో రోజు పంచదార బదులు ఉప్పు. మూడో రోజు పాలు పొంగాయి. పొంగుతున్న గిన్నె ముందు నిలబడి ఆయన "ఫైలు, ఫైలు, ఫైలు" అంటూనే ఉన్నాడు, స్టవ్ కట్టేయడం మాత్రం తట్టలేదు. పాలన్నీ పొయ్యి మీద పారాక, ఆయన కళ్లలోంచి కూడా కారాయి. పెళ్లయ్యాక ఆయన ఏడవగా ఆవిడ చూడటం అదే మొదలు.

నాలుగో రోజు నుంచి టీ లీలావతే పెట్టి చేతికిచ్చింది. మాత్రలు కూడా తనే అరచేతిలో వేసింది. ఆయన 'ఫై' అనేలోపు దుప్పటి కప్పింది.

మరి గురువారం డార్లీన్‌కి ఏం చూపించాలి?

ఆద్య మూడో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో ఒక కాయితం ఇచ్చేవాళ్లు. రోజుకి ఇరవై నిమిషాలు పుస్తకం చదివినట్టు రాసి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఆ పిల్ల చదివినా చదవకపోయినా నెలాఖరున లీలావతి నాలుగు రంగుల పెన్నులు మార్చి ఒక్క పట్టున ముప్పై రోజులూ పూర్తి చేసేది. పిల్లకి ఆ ఏడు ఒక బహుమతి కూడా వచ్చింది. టీచరు ముందు మన వాళ్లు తీసిపోకూడదు, అంతే కదా. అప్పుడు పిల్ల, ఇప్పుడు పిల్ల తండ్రి.

చిక్కల్లా చేతిరాత. అదీ ఎంతోసేపు చిక్కుగా లేదు. లీలావతి పెన్ను ఎడమచేతిలోకి మార్చింది. రెండు రోజుల్లో రాజారావు వంకర అక్షరాలు రాజారావు కన్నా బాగా రాయడం వచ్చింది. టీ పెట్టాను, టిక్కు. మాత్రలు వేసుకున్నాను, టిక్కు. శశికళకి ఫోన్ చేశాను, టిక్కు. మధ్యలో ఒకటి రెండు స్పెల్లింగు తప్పులు కూడా చల్లేది, సహజంగా ఉండాలిగా.

జనవరి రెండో వారంలో డార్లీన్ పేజీలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"రాజా, ఇక్కడ నా పరీక్షల్లో ఇంకా తడబడుతున్నారు. ఇంట్లో మాత్రం అన్నీ ఒంటి చేత్తో చేసేస్తున్నారు! కొంతమంది అంతే, సొంత వంటింట్లో పులులు. ఇంత త్వరగా నేనెవర్నీ చూళ్లేదు." చప్పట్లు కొట్టింది. రాజారావుకి ఎందుకో తెలియలేదు, అయినా మర్యాదకి తనూ ఎడమచేత్తో తొడ మీద కొట్టాడు. "లీలా, ఇన్సూరెన్సు వాళ్లు ఈ పేజీలు చూస్తే ఇక వారానికి రెండుసార్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. వచ్చే నెల నుంచి నెలకోసారి వస్తే చాలు."

లీలావతి నవ్వింది. పార్కింగు లాట్ దాకా నవ్వుతూనే నడిచింది. కార్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకున్నాక ఆ నవ్వు ఎక్కడ తీసి పెట్టాలో తెలియలేదు. పక్క సీట్లో పులి తన బెల్టు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది. ఆవిడ చెయ్యి అలవాటుగా వెళ్లి బెల్టు లాగి పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆద్యకి చెప్పింది, సగం.

"నెలకోసారా? వావ్! నాన్న అన్నీ తనే చేస్తున్నాడా?"

"పుస్తకంలో అలాగే ఉంది."

"అమ్మా, పుస్తకంలో ఉంది అంటే... హూ రోట్ ఇట్?"

"ఏదో, ఇద్దరం కలిసి."

"అమ్మా. నా రీడింగ్ లాగ్ లాగానా?"

"నీకు బహుమతి రాలేదూ?"

"ఆ బుక్స్‌లో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు అమ్మా!" అంది ఆద్య. "నువ్వు డార్లీన్‌కి చెప్పు. టెల్ హర్, ప్లీజ్."

"చెప్తాలే," అంది లీలావతి. ఏమని చెప్పాలి? ఆయన పరువు నిలపడానికి రాశానని చెబితే, ముందు పోయేది ఆయన పరువే. అదీ గాక, పెద్దావిడ, మనసారా చప్పట్లు కొట్టింది.

ఆలోచించి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ఇప్పటిదాకా నూటికి నూరు వేయడమే తన తప్పు. ఈ వారం అరవై అయిదు వేద్దాం. మరీ ఫెయిలూ కాదు, మరీ ఫస్టు క్లాసూ కాదు. అప్పుడు డార్లీనే, 'అయ్యో, ఇంకొన్నాళ్లు రండి' అంటుంది. ఆదివారం మధ్యాహ్నం టీవీలో సీరియల్ పెట్టుకుని, పని ఒక్కసారే తెగుతుందని సోమవారం నుంచి గురువారం దాకా పేజీలన్నీ ముందే రాసేసింది. టీ చేయలేదు. టీవీ కట్టేయడం మర్చిపోయాను. ఇలా అక్కడక్కడా ఓడించింది. మాత్రల దగ్గర మాత్రం ఓడించడానికి చెయ్యి రాలేదు, అశుభం. శశికళ ఫోను దగ్గరా రాలేదు. బుధవారం పేజీలో, 'ఎనిమిదికి మాత్రలు వేసుకున్నాను. పదకొండుకి శశికళకి ఫోన్ చేశాను' అని రాసి, అబద్ధానికి కాస్త పోపు ఉండాలని, 'మధ్యాహ్నం వస్తానంది' అని కూడా చేర్చింది.

బుధవారం తెల్లవారేసరికి లీలావతికి నూటమూడు జ్వరం. తల ఎత్తితే గది తిరుగుతోంది. ఫోను కింద వంటింట్లో చార్జింగులో ఉంది. రాజారావు మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏమండీ, శశికళకి ఫోన్ చెయ్యండి. నావల్ల కావట్లేదు. మీ మాత్రలు కూడా వేసుకోండి."

ఆయన బుద్ధిగా తలూపాడు. మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి మెట్లెక్కిన చప్పుడు. నీలం పుస్తకం గుండెకి ఆనించుకుని వచ్చి, ఒక పేజీ మీద వేలుపెట్టి చూపించాడు. ఆవిడ కళ్లు తెరవలేకపోయింది.

"చేశారా?"

"చే... చేశాను."

"మాత్రలూ?"

"టిక్కు," అన్నాడు గర్వంగా.

"వస్తానందా?"

"వస్త... వస్తానంది."

అంత జ్వరంలోనూ లీలావతికి గుండె నిండిపోయింది. ఫోన్ చేశాడు! ఎవరూ అందించకుండా, తనంతట తను, చేశాడు. పోన్లే, నేను రాసిందేం పూర్తి అబద్ధం కాదన్నమాట, అనుకుంది. అలా అనుకుంటూనే నిద్రలోకి జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ అటు వైపు నుంచి ఇటు వైపుకి మారింది. నోరు పిడచ కట్టుకుపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. శశికళ రాలేదు. వస్తే ఈపాటికి ఇల్లు ఎగిరిపోతూ ఉండేది. "ఏమండీ" అని పిలిస్తే గొంతు దాటలేదు. గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చి, మెట్ల మీద కూర్చుని, పసిపిల్లల్లా ఒక్కొక్క మెట్టూ జరుగుతూ కిందికి దిగింది.

రాజారావు వీధి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గుండీలు ఒకటి అటూ ఒకటి ఇటూ పడ్డాయి. బూట్లు తొడుక్కున్నాడు. బల్ల మీద మూడు ఖాళీ కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒళ్లో పుస్తకం తెరిచి, ఒకసారి పేజీ చూస్తాడు, ఒకసారి వీధి చూస్తాడు.

వంటింట్లో మాత్రల డబ్బాలో బుధవారం అర మూత తీయనే లేదు. ఫోను తీసి చూసింది. నిన్న రాత్రి ఆద్యతో మాట్లాడిందే ఆఖరు. ఆ తర్వాత ఎవరికీ ఫోను వెళ్లలేదు.

"ఫోన్ చేయలేదు కదండీ?"

ఆయన ఆశ్చర్యపోయి పుస్తకం చూపించాడు. అప్పుడు చూసింది. తన ఎడమచేతి అక్షరాలు. ఎంత బాగా కుదిరాయో! ఎనిమిదికి మాత్రలు, టిక్కు. పదకొండుకి శశికళ, టిక్కు. మధ్యాహ్నం వస్తానంది. తల అబద్ధం చెప్తుంది, పుస్తకాన్ని నమ్మమన్నారు. నమ్మాడు. పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. తయారై, కప్పులు పెట్టి, వచ్చే మనిషి కోసం పొద్దున్నించీ కూర్చున్నాడు.

ఆయన ఫోను వైపు చూశాడు, మూత తీయని డబ్బా వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. ఏదో లెక్క తేలుతోంది ఆయనలో. మెల్లిగా ఎడమచెయ్యి పిడికిలి బిగించి తన నెత్తి మీద కొట్టుకున్నాడు. ఒకసారి. మళ్లీ.

"పాడు... పాడైపోయింది. ఇది."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. లీలావతి నోరు తెరిచింది కూడా. "పర్లేదులెండి," అని మాత్రం అంది. పక్షవాతం వచ్చింది ఆయనకి, మాట పడిపోయింది తనకి.

తనే శశికళకి ఫోన్ చేసింది. శశికళ పది నిమిషాల్లో చారు, జ్వరం చూసే పుల్ల, నూరు తిట్లు పట్టుకుని దిగింది. "నాకిక్కడ పొడిచేసే పనులేం లేవు వదినా, పొద్దున్నే ఒక్క ఫోను కొట్టకూడదూ?" అని లీలావతిని కేకలేసింది. ఆ కేకలకి రాజారావు తలొంచుకున్నాడు. ఆ తిట్లు తనకే అనుకున్నాడు.

మర్నాటి థెరపీకీ, ఆపై మంగళవారానికీ సెలవు పెట్టారు. జ్వరం నాలుగు రోజులకి తగ్గింది. రాజారావుది తగ్గలేదు. పుస్తకం ముట్టుకోవడం మానేశాడు. మాత్ర వేసుకుని అయిదు నిమిషాలకి వచ్చి అర చూపించి ఆవిడ మొహంలోకి చూసేవాడు. వేసుకున్నారండీ అంటే నమ్మకంగా తలూపేవాడు, ఇంకో అయిదు నిమిషాలకి మళ్లీ వచ్చేవాడు. ఫోను మోగితే దూరం జరిగేవాడు. ఉప్పు కావాలన్నా, దుప్పటి కావాలన్నా ఇప్పుడు ఫైలు అని కూడా అనడం లేదు. వేలితో చూపించడమే. లీలావతి కొత్త పేజీ తెరిచి, "రాయండి, నేను చెయ్యి పెట్టను," అని కూర్చుంటే, ఆయన పెన్ను పట్టుకుని పావుగంట కాయితం వంక చూసి, పెన్ను ఆవిడ చేతిలో పెట్టేశాడు. ఎంత నవ్వించబోయినా నవ్వలేదు. గ్యారేజీ బల్బు మీద ఆవిడ వేసే జోకులు కూడా పలచబడ్డాయి.

ఆ తర్వాతి గురువారం నెలాఖరుది. అది దాటితే నెలకోసారే. వెళ్లే దారిలో లీలావతి మూడు రకాల మాటలు కూడబలుక్కుంది. మూడూ అబద్ధాలే. ఒకటి మాత్రం చాలా గౌరవంగా ఉంది.

"హలో రాజా! చాంపియన్!" అంది డార్లీన్. పుస్తకం తెరవబోతే, రాజారావు తన ఎడమ అరచెయ్యి అట్ట మీద పెట్టి అదిమేశాడు.

"ఏమైంది?"

ఆయన లీలావతి వైపు చూడలేదు. డార్లీన్ వైపే చూస్తూ, నుదుటి మీద నరం ఉబ్బగా, ఒక్కో మాటే తవ్వి బయటికి తీశాడు. ఎవరూ అందించలేదు. లీలావతి పెదాలు కదిలాయి గానీ పైటకొంగు అడ్డం పెట్టుకుంది.

"వెన్స్‌డే. షీ... సిక్. ఐ... ఫోన్... నో. బుక్... యెస్." ఆగాడు. పిడికిలితో నుదురు తట్టుకున్నాడు. "హెడ్. బ్యాడ్. మై... మై రాంగ్."

స్ట్రోకు తర్వాత అంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడింది తన మీద నేరం మోపుకోవడానికి.

డార్లీన్ కళ్లజోడు సర్దుకుని, బుధవారం పేజీ తీసి చదివింది. "కానీ ఇక్కడ మీరే రాశారుగా రాజా, ఫోన్ చేశానని," అంది అయోమయంగా. ఆవిడ పెన్ను కాయితం మీద ఏదో రాసుకోవడానికి కదిలింది. జ్ఞాపకాలు తారుమారవుతున్నాయనో, జరగనివి జరిగాయనుకుంటున్నారనో, ఏదో ఒకటి. ఆ మాట ఆ కాయితంలో పడితే ఇక ఎన్నేళ్లయినా ఆయన వెంటే తిరుగుతుంది.

"ఆగండి," అంది లీలావతి.

బల్ల మీదున్న పెన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. అక్షరాలు చక్కగా, వంకరగా, అచ్చం అలాగే వచ్చాయి. వెన్స్‌డే. డార్లీన్ ఆ మాట చూసింది, పేజీ చూసింది, లీలావతిని చూసింది. రాసుకోబోయిన పెన్ను పక్కన పెట్టింది.

"అన్నీ?" అంది.

"డిసెంబరు నుంచి. టీ కూడా నేనే పెడుతున్నాను. ఆయన ఒక్కటీ చేయలేదు. నేను చేయనివ్వలేదు." ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది.

రాజారావు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయనకి ఇందులో ఎంత అందిందో, ఎంత సాయంత్రం దాకా నిలుస్తుందో ఎవరికీ తెలియదు. రేపు మళ్లీ చెప్పాల్సి రావచ్చు. ఎల్లుండి కూడా. లీలావతి కుర్చీ ఆయన వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఏమండీ, ఇటు చూడండి. మీరేం మర్చిపోలేదు. మీ తల పాడవలేదు. ఆ పేజీ మీరు రాసింది కాదు, నేను రాశాను. తప్పు చేశానండీ. తప్పు నాది."